ఎదురుకాళ్ల సుక్కమ్మ లాగిన కాలు

సుక్కమ్మ కళ్లకంటే ముందు ఆమె పాదాలు ఈ లోకంలోకి వచ్చాయి. అరవై రెండేళ్ల కిందట, కందుకూరు దిక్కు ఒక పల్లెలో, తల్లి రెండు పగళ్లు నొప్పులు పడ్డాక మంత్రసాని చేతికి మొదట తగిలింది ఒక ఎడమ మడమ. తల్లీ బిడ్డా దక్కరనుకున్నారు. ఇద్దరూ దక్కారు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల పాదం తగిలితే నడుం పట్టు వదులుతుందని ఆ చుట్టుపక్కల ఒక నమ్మకం. అందుకని నడక రాకముందే ఆ పాదాలకు పని దొరికింది.

గురువారం, ఆదివారం, పొద్దున ముఖం కడగకముందు. గడప మీద అడ్డంగా ఎవరో బోర్లా పడుకునేవారు. తల్లి బిడ్డను చంకల కింద పట్టుకుని ఎత్తి, ఆ నడుం మీద ఎడమకాలు మూడుసార్లు ఆనించేది. అవేవీ సుక్కమ్మకు గుర్తు లేవు. గుర్తున్నది ఐదారేళ్ల నాటిది. కళ్లు సగం నిద్రలో ఉండగా అరికాలి కింద ఒక పెద్దమనిషి వీపు, ఎండకు కాగిన మట్టిలా, వెచ్చగా కదలడం. ఆయన లేచి నిలబడి, తన నడుం ఎత్తు కూడా లేని పిల్లకు రెండు చేతులూ జోడించడం. ఆ దండాన్ని ఆమె ఎన్నడూ మర్చిపోలేదు. అంత చిన్న వయసులో అంత పెద్ద దండం ఎవరూ అందుకోకూడదేమో అని ఈమధ్య అనుకుంటోంది.

పదిహేడేళ్లకు ఇబ్రహీంపట్నంలో గోపయ్య ఇంటికి కాపురానికి వస్తే, ఆమెకంటే ముందే ఆమె పేరు అక్కడికి వచ్చి కూర్చుంది. ఎదురుకాళ్ల సుక్కమ్మ. గోపయ్య వాళ్లది టమాటా, బెండ, కాకర పండించే ఇల్లు. ఆ చేలో సగం ఇప్పుడు ప్లాట్లయి, హద్దురాళ్లు పాతుకుని, గడ్డి మొలిచి ఉంది. మిగిలిన సగంలో ఆయన ఇంకా బెండకాయ తెంపుతాడు. నవ్వించకుండా ఒక పూట గడవని మనిషి. "ఊరందరి నడుములు తొక్కింది. నా నడుం కాడికొచ్చేసరికి కాళ్లు గుంజుతున్నయంటది" అని వచ్చినవాళ్లకల్లా చెప్పేవాడు.

నడుముల దగ్గరి నుంచి చీలమండల దగ్గరికి ఆమె రావడానికి కారణం నారయ్య. మార్కెట్ యార్డులో బస్తాలు మోసేవాడు. ఒకనాడు కాలు మడతపడి, ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చాడు.

"నడుంకు కాలు పెడ్తవ్. కాలుకు ఏం పెడ్తవ్ వదినా?"

"చెయ్యి పెడ్త. కూసో."

ఆ మాట ఎందుకు అనిందో ఆమెకే తెలియదు. ఎద్దుకు కాలు బెణికితే మామ ఆముదం కాచి రుద్దడం, గిట్ట పట్టి ఒక్క గుంజు గుంజడం ఆమె చూసి ఉంది. అదే చేసింది. నారయ్య పాదంలో టక్కుమని చప్పుడైంది. పది రోజులకు ఆయన రెండు కాళ్ల మీద నడుచుకుంటూ వచ్చి, సంచీ నిండా జామకాయలు గడపలో గుమ్మరించి పోయాడు. ఆ జామకాయల వాసనతో ఆమె జీవితంలో ఇంకొక వాకిలి తెరుచుకుంది.

నలభై ఏళ్లు. బస్సు దిగబోయి జారినవాళ్లు, పరంజా మీది నుంచి దూకినవాళ్లు, పెళ్లి బరాత్‌లో ఎగిరి ఎగిరి గుంతలో కాలు పెట్టినవాళ్లు. అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి కూడా ఆటోలు కట్టుకుని వచ్చేవారు. ఆమె ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు, తీసుకుంటే చెయ్యి చెడుతుందని. ఆముదం వేడిచేసేది. వాచిన చోట బొటనవేలితో రుద్దుతూ, లోపల నరం ఎక్కడ ముడిపడిందో వెతికేది. వెతుకుతూ ఏదో ఒకటి అడిగేది, మీ ఊళ్లో వానలున్నయా, మీ బర్రె ఈనిందా అని. అవతలి మనిషి జవాబు చెప్పబోయే క్షణంలో పాదాన్ని పట్టి గుంజేది. టక్. ఆ తర్వాత గడప దాటించి మూడు అడుగులు నడిపించేది. ఉడుకుమీద ఉన్నప్పుడే లాగాలి, లాగగానే నడవాలి. ఇది ఆమె నేర్చుకున్నదీ, నేర్పిందీ.

నయమైనవాళ్లు చెప్పడానికి వచ్చేవారు. కొందరు మళ్లీ రాలేదు. రానివాళ్లు కూడా నయమయ్యే రాలేదని సుక్కమ్మ అనుకుంది. నలభై ఏళ్లు అలాగే అనుకుంది.

పక్క సందులో అరుణ ఇల్లు. భర్త దేవేందర్ లారీ మీద వారాల తరబడి రోడ్ల వెంట ఉంటే, ఆమె జాకెట్లు కుడుతూ ఇల్లు నడిపేది. వాళ్ల ఒక్కతే బిడ్డ శ్రీనిధి. డిగ్రీ అయిపోయింది. కానిస్టేబుల్ పరీక్షలో మొదటి రాత గట్టెక్కింది. ఇక మిగిలింది ఉరుకుడు. ఎనిమిది వందల మీటర్లు. తెల్లారగానే కాలేజీ గ్రౌండుకు పోయి, మంచులో తన ఊపిరి తనకు కనిపించేంత చలిలో, ఒక్కతే చుట్లు కొట్టేది. ఇచ్చిన సమయానికి అర నిమిషం ముందే చేరుతున్నానని సుక్కమ్మకు వచ్చి చెప్పేది. సుక్కమ్మకు ఆ నిమిషాల సంగతి తెలియదు. ఆ పిల్ల మొహంలో వెలుగు మాత్రం తెలిసేది.

ఉరుకుడు పరీక్షకు ఇరవై ఆరు రోజులుందనగా, ఒక గురువారం పొద్దున, తల్లి భుజం మీద చెయ్యి వేసుకుని, ఎడమ పాదం నేలకు ఆనించకుండా, శ్రీనిధి సుక్కమ్మ వాకిట్లోకి వచ్చింది. చీలమండ బయటి వైపు కోడిగుడ్డంత వాపు. గురువారం కనుక అరుగు మీద అప్పటికే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లలో రాధమ్మ, నడుం పట్టుతో వచ్చింది, నాలుకకు మాత్రం ఏ పట్టూ లేదు.

"ఎట్ల పడ్డవే?" అంది సుక్కమ్మ.

"పడలే అవ్వా. గడ్డిల గుంత కనవడలే. పాదం లోపలికి మడ్తవడ్డది. టప్‌మని సప్పుడైంది."

"నీ ఉర్కుడు సూసి భూమి కూడా అడ్డం కాలు పెట్టిందా ఏంది. కూసో బిడ్డా."

శ్రీనిధి నవ్వింది. అరుణ నవ్వలేదు. "అత్తా, ఇరవై ఆరు దినాలే ఉంది" అంది.

"ఎందుకు ఫికర్ జేస్తవ్. నాల్గు దినాలల్ల ఉర్కుతది."

ఆముదం వేడెక్కింది. సుక్కమ్మ ఆ పాదాన్ని ఒళ్లోకి తీసుకుంది. పదేళ్లప్పుడు ఇదే పిల్ల తాడాట ఆడుతూ కాలు మెలిపెట్టుకుని వస్తే ఇదే ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు పాదం పిచ్చుకలా ఉండేది. ఇప్పుడు పొడుగ్గా, గట్టిగా, అరికాలంతా ఉరుకుడు కాయలతో ఉంది. బొటనవేలు వాపు మీద మెల్లగా తిరిగింది. మామూలుగా నొప్పి ఎముక కిందనో, ముందరనో, మెత్తటి పల్లంలో ఉంటుంది. అక్కడ ఒత్తితే పిల్ల పళ్లు బిగపట్టింది, అంతే. వేలు ఇంకొంచెం వెనక్కి, పైకి జరిగి, చీలమండ పక్కన పొడుచుకొచ్చిన గిలక ఎముక అంచు మీద ఆగింది. పిల్ల ఒళ్లంతా ఒక్కసారి ముడుచుకుపోయింది. నోట్లోంచి వచ్చింది అరుపు కాదు, గాలి.

సుక్కమ్మ వేలు అక్కడే నిలిచింది.

నలభై ఏళ్ల వేలు అది. దానికి చదువు లేదు కానీ జ్ఞాపకం ఉంది. ఇది నరం నొప్పి కాదు, ఇది వేరే అని అది చెప్పింది. చెప్పింది అన్నది నిజం. ఆ తర్వాత ఎన్ని రకాలుగా తిప్పి చూసుకున్నా సుక్కమ్మ ఆ నిజాన్ని తప్పించుకోలేకపోయింది. ఆ క్షణంలో ఆమె తలెత్తింది. శ్రీనిధి ఆమె మొహంలోకే చూస్తోంది. అరుణ చేతులు నలుపుకుంటోంది. అరుగు మీది ఆడవాళ్లు మెడలు చాచి చూస్తున్నారు.

"పోలీసైతనంటది. గింత దానికే గుడ్లల్ల నీళ్లు తెచ్చుకుంటున్నది" అంది రాధమ్మ. "దొంగ ఉర్కితే ఎట్ల పట్టుకుంటవే, అవ్వను ఎంటవెట్టుకపోతవా?"

అందరూ నవ్వారు. శ్రీనిధి కళ్లు తుడుచుకుంది. "గుంజు అవ్వా" అంది.

"మీ గ్రౌండుల ఎంతమంది ఉర్కుతున్నరు బిడ్డా?"

"ఆడివిల్లలమైతే నేనొక్క…"

సుక్కమ్మ గుంజింది. టక్.

ఆ చప్పుడు ఆమెకు ఎప్పుడూ తాళం తెరుచుకున్నట్టు వినిపించేది. ఆ రోజు కూడా చెవి అలాగే విన్నది, లేదా అలాగే వినాలనుకుంది. గడప దాటించింది. శ్రీనిధి మూడు అడుగులు వేసింది. డిసెంబరు చలిలో పిల్ల పై పెదవి మీద చెమట పట్టింది.

"తగ్గిందా?"

"జర తగ్గింది అవ్వా."

పసుపు, సున్నం పట్టు వేసి గుడ్డ కట్టింది. "కాలును ఊకె పండవెట్టకు. పండవెడితే నరం బిగుసుకుంటది. ఇటుక కాపి కాపడం పెట్టు. నాల్గు దినాలైనంక ఉరుకు."

శ్రీనిధి చెప్పింది చెప్పినట్టు చేసింది. అదే ఆ పిల్లతో వచ్చిన చిక్కు. కాచిన ఇటుకను గుడ్డలో చుట్టి రోజుకు రెండు పూటలా కాపడం పెట్టుకుంది. ఐదో రోజు గ్రౌండుకు పోయింది. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో పాదం మళ్లీ లోపలికి మడతపడింది. సుక్కమ్మ మళ్లీ గుంజింది. ఈసారి చప్పుడు రాలేదు. వాపు పాదం మీదికి దిగింది, వేళ్ల దాకా నేరేడు రంగు పాకింది. పదో రోజున అరుణ మిషన్ మీద సగం కుట్టిన జాకెట్ అలాగే వదిలేసి, బిడ్డను ఆటోలో సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. సుక్కమ్మ కూడా ఎక్కింది. ఎక్కడ లాగిందో డాక్టరుకు తానే చూపిద్దామని.

ఎక్స్‌రే తీశారు. డాక్టరు చూసి, పిండికట్టు రాసి, ఫిజియోథెరపీ గదిలో రమాకాంత్ దగ్గరికి పంపాడు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే కుర్రవాడు. ఫిల్మును కిటికీ వెలుగుకు పెట్టి చూపించాడు. గాజులాంటి నలుపులో తెల్లటి ఎముక, దాని అంచున వెంట్రుకలాంటి గీత. సుక్కమ్మ ఆ గీతను చూసింది. తన వేలు ఆగిన చోటు అదే.

"ఎవలన్న గుంజిన్రా?" అన్నాడు రమాకాంత్.

సుక్కమ్మ నోరు తెరిచింది. అంతకంటే ముందే అరుణ, "లేదు సార్, ఎవలు గుంజలే. అదే ఆగక ఉర్కింది" అంది. అంటూ సుక్కమ్మ వైపు చూడకుండా ఆమె చేతి మీద చెయ్యి వేసింది. శ్రీనిధి కింది దిక్కు చూస్తూ కూర్చుంది. తెరిచిన నోరు సుక్కమ్మ మూసుకుంది. ఆ చెయ్యి వెచ్చదనం ఆమెను కాచిన ఇటుకలా కాల్చింది.

రమాకాంత్ బల్ల మీదున్న బొమ్మ పాదాన్ని తీసుకుని చూపించాడు. గిలక ఎముకనూ పాదం ఎముకలనూ కట్టిపట్టే నారల్లాంటి తాళ్లు బయటి పక్కన మూడుంటాయి. పాదం లోపలికి మడతపడినప్పుడు అవి సాగుతాయి, ఎక్కువైతే తెగుతాయి. ఒక్కోసారి తాడు తెగకుండా ఎముకనే పగలగొడుతుంది. ముడిపడేందుకు అక్కడ నరమేమీ ఉండదు, లాగి సరిచేసేందుకు ఏమీ తప్పిపోయి ఉండదు.

"మొదటి రెండు మూడు దినాలు వేడి పెట్టొద్దు. నూనె పెట్టి రుద్దొద్దు. గుడ్డల ఐసు చుట్టి పావుగంట పెట్టాలె, తీయాలె, జరసేపటికి మళ్లీ పెట్టాలె. పట్టీ కట్టి, కింద దిండ్లు పెట్టి కాలు ఎత్తుగ ఉంచాలె. గిలక ఎముక మీద ఒత్తితే నొచ్చినా, నాలుగు అడుగులు ఎయ్యరాకున్నా, ఇంట్ల కూసోవద్దు. ఎక్స్‌రే ఫోటో తీయించాలె."

"మరి మామూలు బెణుకైతే సార్?" అంది అరుణ.

"మామూలుదైతే రెండు మూడు వారాలల్ల దానంతట అదే తగ్గుతదమ్మా. ఎవరు ముట్టినా తగ్గుతది, ముట్టకున్నా తగ్గుతది. వాపు తగ్గినంక కసరత్తు చేస్తే మళ్లీ మడ్తవడది. గంతే."

ఎంతో మామూలుగా అన్నాడు. ఎవరినీ ఏమీ అనలేదు. సుక్కమ్మ చెవుల్లో మాత్రం నలభై ఏళ్లు ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యాయి. నారయ్య గుమ్మరించిన జామకాయలు, వాకిట్లో ఆగిన ఆటోలు, గడప దాటిన అడుగులన్నీ. నయం చేసింది దినాలు. దండం అందుకున్నది తను.

శ్రీనిధిని కట్టు వేసే గదిలోకి తీసుకుపోయాక ఆమె వెనక్కి వచ్చింది.

"సారూ, ఆ పగులు మొదటి దినమే ఉండెనా, తర్వాత వచ్చిందా?"

"గది ఇప్పుడు ఎవరూ చెప్పలేరు పెద్దమ్మా."

"మొదటి దినమే ఈడికొస్తే, ఉర్కుతుండెనా పిల్ల?"

రమాకాంత్ ఫిల్మును మళ్లీ వెలుగుకు పెట్టి చూశాడు. అబద్ధం చెప్పే అలవాటు లేనివాడు. "పగులు లేకుంటే, మంచిగ చూసుకుంటే, ఉర్కుతుండెనేమో. ఉంటే ఎట్లైనా ఉర్కకపోవు. కని గింతదాంక రాకపోవు. ఇప్పుడు తాళ్లు కూడ మస్తు వదులైనయ్. పిండికట్టే ఆరు వారాలు."

ఉర్కుతుండెనేమో. ఆ మాట చివర ఉన్న 'ఏమో'ను పట్టుకుని సుక్కమ్మ ఇంటికి వచ్చింది. దానికి పగలూ లేదు, పొద్దుగూకడమూ లేదు. అన్నం కలుపుతుంటే ముద్దలో తగిలేది. బెండకాయలు తరుగుతుంటే కత్తి కింద కదిలేది. ఎముక పగిలే వచ్చి ఉంటే తన తప్పు సగం. తన చేతిలోనే పగిలి ఉంటే మొత్తం. ఏదో తెలిస్తే దాన్ని మోసేది. తెలియనిదాన్ని ఎటు పట్టుకుని ఎత్తాలో మనిషికి తెలియదు.

తర్వాతి గురువారం ఆమె తలుపు తీయలేదు. వచ్చినవాళ్లను గోపయ్య పంపించేశాడు. లోపలికి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఏమైందే? అరుణ ఏమన్న అన్నదా?"

"అనలే. ఎవలేం అనలే. 'నీ చెయ్యి మంచిదే అత్తా, మా దినాలే బాగలేవు' అంటున్నది. గదే నాకు పాణం మీదికొచ్చింది."

గోపయ్య నవ్వించబోయి మానుకున్నాడు. కొంతసేపు తువ్వాలు కొసను మడతపెడుతూ కూర్చుని, "ఒక్క ముచ్చట చెప్త, కోపానికి రావద్దు" అన్నాడు. "ఐలేష్ లేడు, టైల్స్ ఏసేటోడు? పదిహేనేండ్ల కింద నువ్వు కాలు గుంజినవ్. ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు పాదం మడ్తవడ్తదంట వానికి. గోడ పట్టుకొని దిగుతడు."

"నాకెందుకు చెప్పలే?"

"నీ మనసుకు బాధైతదని."

ఆమె మర్నాడు ఐలేష్ ఇంటికి పోయింది. కొత్తగా కడుతున్న గదిలో మోకాళ్ల మీద కూర్చుని నేల పరుస్తున్నాడు. ఆమెను చూసి లేవబోయి, గోడకు చెయ్యి ఆనించాడు. "నువ్వెందుకొచ్చినవ్ అక్కా, కబురు పెడ్తే నేనే వస్తుంటి కద" అన్నాడు. కాలు సంగతి అడిగితే, సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "అప్పుడప్పుడు మడ్తవడ్తది. దానికేంది. నీ దగ్గరికి మళ్లొచ్చి, తగ్గలేదక్కా అని ఎట్లంటం. మళ్ల పనికి పోయి ముద్ద తినేటట్టు చేసినవ్, పైస తీసుకోకుంట ఉట్టిగ చేసినవ్."

అతని భార్య చాయ్ ఇచ్చింది. సుక్కమ్మ గ్లాసు పట్టుకుని కూర్చుంది, తాగలేకపోయింది. ఊరు ఆమెను ఇంత ప్రేమగా మోసగించింది. కుంటినవాళ్లు కుంటుకుంటూ ఆమె వాకిలిని తప్పించి వేరే సందులో నడిచారు. ఒక్కరైనా మొహం మీద తిట్టి ఉంటే, ఒక్కరైనా గడపలో నిలబడి నువ్వు లాగినంక ఎక్కువైందే ముసలీ అని ఉంటే, ఆ గురువారం తన వేలు చెప్పిన మాట తను వినేది కదా. ఈ ఆలోచన వచ్చినంత వేగంగానే ఇంకొకటి వచ్చింది. వాళ్ల మీదికి నెట్టకు. వేలు నీది.

ఉరుకుడు పరీక్ష రోజు రానే వచ్చింది. ఆ పొద్దున హాల్ టికెట్లు పట్టుకుని పిల్లలు సాగర్ రోడ్డు మీద బస్సుల కోసం నిలబడి ఉన్నారు, చేతుల్లో బూట్లు, మొహాల్లో చలి. వాళ్లను దాటుకుని సుక్కమ్మ అరుణ ఇంటికి పోయింది. అరుణ మార్కెట్‌కు పోయింది. శ్రీనిధి బయట కుర్చీలో కూర్చుని ఉంది, పిండికట్టు కాలు ఎదురుగా స్టూలు మీద. ఒళ్లో ఏ పుస్తకమూ లేదు, ఫోను కూడా లేదు. ఎండ ఇంకా గోడ మీదే ఉంది, ఆమె దాకా దిగలేదు.

సుక్కమ్మ కింద కూర్చుంది.

"బిడ్డా, నీకొక మాట చెప్పాలె. ఆ దినం నేను గుంజకముందు నా వేలు ఎముక మీద ఆగింది. ఇది వేరే నొప్పి అని నాకు ఎరుకైంది. ఎరుకయ్యి కూడ గుంజిన. అందరు సూస్తుంటే, నాకు చాతకాదని చెప్పబుద్ధి కాలే. దవాఖానల మీ అమ్మ నా కోసం అబద్ధం ఆడింది. నేను కండ్లప్పగించి సూస్తూ కూసున్న."

రోడ్డు మీద బస్సు ఒకటి హారన్ కొట్టి వెళ్లిపోయింది.

"ఎరుకే అవ్వా" అంది శ్రీనిధి. గొంతు మామూలుగానే ఉంది. "నీ వేలు ఆగింది నాకు తెల్సింది. ఆగినవ్ కద అని నీ మొకం దిక్కు సూసిన. నువ్వు వద్దు అంటవేమో అని. నువ్వు అంటే దవాఖానకు పోదామనుకున్న. నువ్వేం అనలే. అవ్వకు ఎరుకుంటది కద అనుకొని, గుంజు అన్న."

సుక్కమ్మ తల దించుకుంది.

"ఒక్క మాట అవ్వా. నాతోని కాదు బిడ్డా అని ఒక్క మాట. ఎంతసేపు పడ్తుండె?"

ఆ మాట చెప్పవలసిన రోజు దాటిపోయింది. శ్రీనిధి మొహం పక్కకు తిప్పుకుంది. "ఇయ్యాల నువ్వు పో అవ్వా" అంది. "మళ్లొద్దువుగని. ఇయ్యాల పో."

సుక్కమ్మ లేచి వచ్చేసింది. మార్కెట్ దారిలో అరుణ ఎదురైతే, ఆమెకూ అదంతా చెప్పింది, రోడ్డు మీదే నిలబడి. అరుణ కూరగాయల సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. ఈసారి నీ చెయ్యి మంచిదే అనలేదు. "పోతనత్తా, పిల్ల ఒక్కతే ఉంది" అని వెళ్లిపోయింది. వారం రోజులు ఆ సందులో మిషన్ చప్పుడు వినిపించింది, మాట వినిపించలేదు.

గురువారాలు మళ్లీ వచ్చాయి. ఆమె తలుపు తీస్తోంది, ఆముదం మాత్రం వేడి చెయ్యడం లేదు. కాలు మడతపడి ఎవరైనా వస్తే గిలక మీద మెల్లగా వేలు ఆనిస్తుంది. నాలుగు అడుగులు వెయ్యమంటుంది. దుకాణం నుంచి ఐసు తెప్పించి, గుడ్డలో చుట్టి ఇచ్చి, దవాఖానకు పోయి రమాకాంత్ సారును కలవమని చెబుతుంది. గుంజమని బతిమాలినా చెయ్యి వెయ్యదు. వచ్చినవాళ్లకు నచ్చడం లేదు. ఐసు పెట్టడానికి నీ దాకా ఎందుకు అంటున్నారు. "ముసల్దానికి మతి పోయింది" అని రాధమ్మ ఊరంతా తిప్పింది. గోపయ్య ఆ మాట మోసుకొచ్చి చెబితే, "ఒకలన్న మొకం మీద అంటే బాగుండు" అంది.

పిండికట్టు విప్పాక శ్రీనిధి పిక్క పక్క కాలిదాంట్లో సగమే ఉందని సుక్కమ్మ విన్నది. మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడో, అప్పటికి వయసు మిగులుతుందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. పిల్ల మీర్‌పేట్‌లో ఒక కళ్లద్దాల దుకాణంలో పనికి కుదిరింది. రోజూ బస్సులో పోయి వస్తోంది. కుడికాలు ముందు పెట్టి ఎక్కుతోంది, చాలా ఆలోచించి దిగుతోంది. సుక్కమ్మ ఎదురుపడితే ఆగుతుంది, తిన్నవా అవ్వా అంటుంది, పోతుంది. ఆ మాటల్లో కోపం లేదు. మునుపు ఉన్నది కూడా లేదు.

మార్చిలో ఒక ఆదివారం పొద్దున శ్రీనిధి తనంతట తనే వాకిట్లోకి వచ్చింది.

"ఒంటికాలి మీద నిలబడమన్నడు ఫిజియో సారు, దెబ్బ తాకిన కాలు మీద. ముప్పై అంకెలు లెక్కపెట్టేదాంక. తూలుతున్న. ఎవరన్న పక్కన ఉండాలె అన్నడు. అమ్మకు పెండ్లి జాకెట్లు ఉన్నయ్."

సుక్కమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది.

"ముట్టుకోకు" అంది శ్రీనిధి. "పడితెనే పట్టుకో."

"ముట్టుకోను బిడ్డా."

శ్రీనిధి చెప్పులు విడిచి, ఎడమ పాదం మీద నిలబడి, కుడికాలు నేల నుంచి ఎత్తింది. సుక్కమ్మ ఆమె వెనక రెండు చేతులూ చాచి నిలబడింది, నడుముకు జానెడు దూరంలో, గాలిని పట్టుకున్నట్టు. ఒకటి, రెండు, మూడు. పిల్ల చీలమండ అటూ ఇటూ వణుకుతూ తన నిలువును వెతుక్కుంటోంది. ఏడు, ఎనిమిది. పదకొండు దగ్గర ఒళ్లు పక్కకు ఒరిగింది. సుక్కమ్మ వేళ్లు ముందుకు కదిలాయి. పిల్ల తనే కాలు దించి ఆపుకుంది. వేళ్లు కదిలిన చోటే ఆగిపోయాయి.

"పదకొండే" అంది శ్రీనిధి, ఎవరితోనో కాదు, తనతోనే. నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి తోసుకుని, మళ్లీ కాలు ఎత్తింది.